ఒకే బార్‌లో ఒక లాయరుకు పార్టీ కండువా, ఇంకొకరికి మౌనం: ఎందుకు?

అడిగిన ప్రశ్న ఇది: ఒకే లా కాలేజీలో చదివి, ఒకే ఏడాది ఎన్‌రోల్ అయి, ఒకే జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న ఇద్దరు లాయర్లు ఉన్నారు. ఒకరు పార్టీ లీగల్ సెల్‌లో తిరుగుతూ ప్రతి ధర్నాలో ముందు వరసలో ఉంటారు. రెండోవారు ఓటు ఎవరికేశారో ఇంట్లో కూడా చెప్పరు. ఇది సిద్ధాంతమా, స్వభావమా, డబ్బా? అసలు లాయరుగా ఉంటూ రాజకీయ పదవిలో ఉండొచ్చా?

చివరి ముక్కకు జవాబు చిన్నది కాబట్టి ముందు అది చెప్పేస్తాను. ఉండొచ్చు. పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగి ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 49వ రూలు చెబుతుంది. అది ఎమ్మెల్యేలకూ ఎంపీలకూ వర్తిస్తుందంటూ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో కొట్టేసింది. ప్రజాప్రతినిధికి జీతం వచ్చినంత మాత్రాన అతను ప్రభుత్వానికి ఉద్యోగి కాడు అన్నది కారణం. ఎమ్మెల్యేకే అడ్డు లేనప్పుడు మండల పార్టీ అధ్యక్షుడికి ఎందుకుంటుంది? అడ్డు ఉన్నది పరీక్ష రాసి సర్కారు కేడర్‌లో చేరిన అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లకు. వాళ్లు ప్రభుత్వోద్యోగులు, ప్రవర్తనా నియమావళి కింద ఉంటారు, పార్టీ సభలో కనిపిస్తే మెమో వస్తుంది.

ఇక అసలు ప్రశ్న. సిద్ధాంతం, స్వభావం రెండూ ఉంటాయి, కాదనను. కానీ ఒక లాయరు రాజకీయాల్లో ఎంత తిరుగుతారో ముందే అంచనా వేయాలంటే నేను ముందు చూసేది ఒక్కటే: ఆయన చేతికి వచ్చే తర్వాతి వకాలత్ (నా కేసు మీరు వాదించండని కక్షిదారు ఇచ్చే పత్రం) ఎక్కడి నుంచి వస్తుంది?

లాయరు ప్రకటన ఇచ్చుకోకూడదు. ఈ ఒక్క నిబంధన వల్ల జరిగేది చాలామంది గమనించరు. బార్ కౌన్సిల్ 36వ రూలు ప్రకారం కరపత్రాలు, పేపరు ప్రకటనలు, దళారులు, ఏవీ కుదరవు. బోర్డు ఓ మోస్తరు సైజులోనే ఉండాలి. ఆ బోర్డు మీద గానీ లెటర్ హెడ్ మీద గానీ ఫలానా సంఘానికి అధ్యక్షుణ్ని అనో, ఫలానా వ్యక్తితో, సంస్థతో సంబంధం ఉందనో, ఫలానా రకం కేసుల్లో దిట్టనో రాసుకోకూడదు. మరి కొత్తగా ఎన్‌రోల్ అయిన లాయరు ఊళ్లో ఉన్నాడని జనానికి ఎలా తెలియాలి? ఇంటి పేరు, కులం, సీనియరు, పార్టీ: ఉన్న దారులు ఈ నాలుగే. మొదటి మూడూ ఉన్నవాళ్లకు నాలుగోదాని అవసరం తక్కువ. తాతల నాటి నుంచి ప్లీడరీ చేస్తున్న ఇంట్లో పుట్టినవాడికి బీరువా నిండా పాత ఫైళ్లు, వాటితో పాటు కక్షిదారులను పేరుపేరునా ఎరిగిన గుమస్తా కూడా వస్తాడు. అతను పార్టీ ఆఫీసు మెట్లెక్కడు, ఎక్కాల్సిన పని లేదు. ఇంట్లో మొదటిసారి లా చదివినవాడికి, అందులోనూ మండల కేంద్రం నుంచి జిల్లా కోర్టుకు వచ్చినవాడికి, పార్టీ అనేది ముందు పరిచయాల పుస్తకం, సిద్ధాంతం తర్వాత. (36వ రూలు బోర్డు గురించి అంత పట్టుగా ఉంటే, ఎమ్మెల్యే పుట్టినరోజు ఫ్లెక్సీ మీద నల్లకోటుతో నిలబడి 'లీగల్ సెల్ జిల్లా కార్యదర్శి, అడ్వకేట్' అని ఉండే ఫొటోలు ప్రతి సెంటర్లో కనిపిస్తాయి. రూలు గోడకున్న బోర్డును చూస్తుంది, కరెంటు స్తంభాన్ని చూడదు.)

తర్వాత చూడాల్సింది ఆయన పని ఏ వైపు అన్నది. బ్యాంకు ప్యానెల్లో ఉండి లీగల్ ఒపీనియన్లు రాసేవారు, ఇన్సూరెన్సు కంపెనీ తరఫున మోటారు ప్రమాదాల పరిహారం పిటిషన్లు (ఓపీలు) చూసేవారు, ఇన్‌కమ్ టాక్స్, జీఎస్టీ అప్పీళ్లు చేసేవారు సాధారణంగా నోరు విప్పరు. వాళ్ల క్లయింట్లలో అన్ని పార్టీల వాళ్లూ ఉంటారు. ఒక వ్యాపారి టాక్స్ ఫైలు ఇచ్చే ముందు ఈ లాయరు ఎవరి మనిషి అని ఆరా తీస్తాడు, ఎవరి మనిషీ కాదని తెలిస్తేనే ఇస్తాడు. హైదరాబాదులో ఆర్బిట్రేషన్, కంపెనీ పనులు చూసే ఫర్ములదీ ఇదే దారి.

జిల్లా కోర్టులో క్రిమినల్ సైడు చేసేవారి సంగతి పూర్తిగా వేరు. వాళ్ల పని పోలీస్ స్టేషన్లో మొదలవుతుంది. సోషల్ మీడియా పోస్టు పెట్టాడని ఒక పార్టీ కార్యకర్తను రాత్రి తొమ్మిదింటికి స్టేషన్‌కు తీసుకెళ్లారనుకోండి. అప్పుడు పిలవగానే వచ్చి, కొత్త క్రిమినల్ ప్రొసీజరు చట్టం బీఎన్ఎస్ఎస్ 35(3) కింద హాజరు కమ్మని నోటీసు (పాత సీఆర్పీసీ 41ఏ) ఇవ్వాల్సిన కేసా, అరెస్టు చేయదగ్గ కేసా అని ఎస్సైతో వాదించి, అరెస్టే చేస్తే 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందుకు తెచ్చేదాకా కాపలా కాసి, రిమాండు వ్యతిరేకించి, మర్నాడు బెయిలు పిటిషను వేసి, ఇద్దరు ష్యూరిటీలను వెతికి నిలబెట్టే లాయరు ఆ పార్టీకి కావాలి. ఇందులో ఫీజు దాదాపు ఉండదు. కానీ ఆ కార్యకర్త ఊళ్లో నలుగురికి చెబుతాడు, ఆ నలుగురి పొలం తగాదాలు, చెక్ బౌన్సు కేసులు ఈయన దగ్గరికే వస్తాయి. ఉచితంగా చేసిన పనికి ఇలా వేరే ఫైళ్ల రూపంలో ఫీజు ముడుతుంది. ప్రతిపక్షంలో ఉన్న పార్టీకి ఇలాంటి లాయర్ల అవసరం ఎక్కువ. అందుకే ఓడిన పార్టీ లీగల్ సెల్ మొదటి రెండేళ్లు పలచబడ్డా, తర్వాత కేసులు పెరిగేకొద్దీ చిక్కబడుతుంది.

మొఫసిల్ సివిల్ లాయరు ఈ రెండింటికీ మధ్య ఉంటారు. ఆయనవన్నీ ఇంజంక్షన్లు, పార్టిషన్లు (ఆస్తి పంపకాలు), డిక్లరేషన్ (హక్కు తేల్చమనే) దావాలు. ఒక్కో దావా ఏళ్లకు ఏళ్లు నడుస్తుంది కాబట్టి ఆదాయం చిన్నదైనా నిలకడగా ఉంటుంది. మామూలు రోజుల్లో ఆయనకు రాజకీయాలతో పని లేదు. ఆయన్ని రోడ్డెక్కించేది ఒక్కటే, కోర్టు పరిధి మీద చెయ్యి పడటం. దీనికి ఆంధ్రప్రదేశ్ భూహక్కుల చట్టం మంచి ఉదాహరణ. 2022 నాటి ఆ ల్యాండ్ టైట్లింగ్ చట్టాన్ని 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి తెచ్చినప్పుడు అందులో లాయర్లు ముందు చదివింది సివిల్ కోర్టుల పరిధిని తీసేసే సెక్షను. హక్కు తగాదాను టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారి చూస్తాడు, దాని మీద అప్పీలు మరో అధికారి దగ్గర, ఆ తర్వాతే హైకోర్టు. అంటే మునసబు కోర్టు నుంచి జిల్లా కోర్టు దాకా ఉన్న డిక్లరేషన్ దావాల పని మొత్తం రెవెన్యూ వైపు వెళ్లిపోతుంది. డిసెంబరు నుంచి వారాల తరబడి కోర్టు విధుల బహిష్కరణ జరిగింది. ఎన్నడూ జెండా పట్టని సివిల్ లాయర్లు కూడా శిబిరాల్లో కూర్చున్నారు. వాళ్లు చెప్పిన వాదన సరైనదే: పేద రైతుకు హైకోర్టు దూరం, ఖర్చు. అయితే ఆ వాదనతో పాటు తమ జీవనాధారమూ అందులో ఉందని వాళ్లకు తెలుసు, దాచుకోలేదు కూడా. ప్రభుత్వం మారాక 2024లో ఆ చట్టం రద్దయింది.

హైకోర్టు బెంచి అడిగే కర్నూలు లాయర్ల సంగతీ ఇలాగే చూడాలి. రాజధాని, హైకోర్టులలో ఒకటి రాయలసీమకు అన్న 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక, 1953లో రాజధాని కర్నూలుకు, ఆ తర్వాత హైకోర్టు గుంటూరుకు, 1956లో రెండూ హైదరాబాదుకు, 2019లో హైకోర్టు అమరావతికి. ఈ చరిత్ర మొత్తం రాయలసీమ లాయరుకు కంఠతా వచ్చు. ఎందుకంటే హైకోర్టు బెంచి వస్తే రిట్లు, క్వాష్ (కేసు కొట్టేయమనే) పిటిషన్లు, బెయిళ్లు, రెండో అప్పీళ్లు ఊళ్లోకి వస్తాయి. ఈ డిమాండులో పార్టీ తేడాలు ఉండవు. 2024 నవంబరులో కర్నూలులో బెంచి కోసం శాసనసభ తీర్మానం చేసింది. 'న్యాయవాదులు రాజకీయాల్లో ఉన్నారు' అని మనం అనేవాటిలో సగం ఇలాంటి బార్ రాజకీయమే, పార్టీ రాజకీయం కాదు. రెండింటినీ కలిపి చూస్తే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా బరువైన కారణం: ప్రభుత్వం తరఫున వాదించే లా ఆఫీసరు పోస్టులు.

జిల్లా కోర్టులో గవర్నమెంట్ ప్లీడరు (జీపీ), సబ్ కోర్టుల్లో అసిస్టెంట్ గవర్నమెంట్ ప్లీడర్లు (ఏజీపీలు), సెషన్సు కోర్టుల్లో పబ్లిక్ ప్రాసిక్యూటరు (పీపీ), అదనపు పీపీలు, హైకోర్టులో శాఖకో జీపీ, ఆ కింద అసిస్టెంట్ జీపీలు, పైన అదనపు ఏజీలు, అందరికన్నా పైన అడ్వకేట్ జనరల్ (ఏజీ). వీటికి తోడు మున్సిపాలిటీ, జెడ్పీ, ఆర్టీసీ, విద్యుత్ సంస్థలు, దేవాదాయ శాఖ, యూనివర్సిటీలకు స్టాండింగ్ కౌన్సెల్‌లు (వాటి కేసులు చూసే లాయర్లు). వీటిలో ఏదీ పరీక్ష పెట్టి ఇచ్చేది కాదు. సెషన్సు కోర్టు పీపీకి చట్టం ఒక పద్ధతి చెప్పింది. సీఆర్పీసీ 24వ సెక్షను (ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 18) ప్రకారం కలెక్టరు సెషన్సు జడ్జిని సంప్రదించి ప్యానెల్ తయారు చేయాలి, ప్యానెల్లో పేరున్నవారికి కనీసం ఏడేళ్ల ప్రాక్టీసు ఉండాలి, ఆ పేర్లలోంచే ప్రభుత్వం ఎంచుకోవాలి. సంప్రదింపు కాగితం మీద పక్కాగానే ఉంటుంది. కానీ ప్యానెల్లోకి పేరు ఎక్కించేది ఎవరో, ఎక్కిన అయిదారు పేర్లలో ఒకదాని మీద టిక్కు పెట్టించేది ఎవరో బార్‌లో గుమస్తాలకు కూడా తెలుసు. నియోజకవర్గం ఎమ్మెల్యే సిఫారసు లేకుండా జీపీ జీవో రావడం అరుదు.

గౌరవ వేతనం పెద్దదేమీ కాదు, బిల్లులు నెలల తరబడి ఆగుతాయి. మరి ఎందుకింత పోటీ? పోస్టు ఉన్నంత కాలం రోజూ కోర్టులో లేచి నిలబడే అవకాశం దొరుకుతుంది. భూసేకరణ పరిహారం కేసుల్లో, సర్కారు భూముల దావాల్లో రోజుకు పది ఫైళ్లు వాదించినవాడికి రెండేళ్లలో వచ్చే అనుభవం సొంత ప్రాక్టీసులో పదేళ్లకు రాదు. కలెక్టరేటులో, ఎస్పీ ఆఫీసులో ముఖపరిచయం వస్తుంది. పీపీగా చేసినవారికి పోస్టు పోయాక డిఫెన్సు ఫైళ్లు వస్తాయి, ఎందుకంటే ప్రాసిక్యూషన్ ఎక్కడ బోల్తా పడుతుందో లోపల నుంచి చూసినవారు.

ఇందులో బెడిసికొట్టేదీ ఇక్కడే. ప్రభుత్వం మారగానే జీవోలు రద్దవుతాయి, కొందరు ముందే రాజీనామా ఇచ్చేస్తారు. అడ్వకేట్ జనరల్ అయితే ఫలితాలొచ్చిన రోజుల్లోనే తప్పుకోవడం ఆనవాయితీ. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 1990 ఫిబ్రవరిలో ఒకే ఒక్క సర్క్యులర్‌తో రాష్ట్రంలోని జిల్లా ప్రభుత్వ న్యాయవాదులందరినీ ఒక్కసారే తీసేసింది. శ్రీలేఖా విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు అది చెల్లదంది, ఈ నియామకాల్లో ప్రజాప్రయోజనం ఉందని, ఇష్టారాజ్యం కుదరదని చెప్పింది. 2016లో బ్రిజేశ్వర్ సింగ్ చాహల్ కేసులో పంజాబ్, హర్యానాల సంగతి తేలుస్తూ ప్రతిభ ఆధారంగా పారదర్శకంగా ఎంచుకోవాలని మళ్లీ చెప్పింది. తీర్పులు తీర్పుల్లాగే ఉన్నాయి, జాబితాలు మాత్రం ఇంకా సచివాలయంలో తయారవుతూనే ఉన్నాయి. పోస్టు పోయిన లాయరు పరిస్థితి ఏమిటి? ఉన్నన్నాళ్లూ ప్రభుత్వానికి వ్యతిరేకంగా కేసు పట్టలేదు కాబట్టి ప్రైవేటు క్లయింట్లు వేరేవాళ్ల దగ్గరికి వెళ్లిపోయి ఉంటారు. ఫలానా పార్టీ మనిషి అన్న ముద్ర ఉండిపోతుంది. అవతలి పార్టీ ఐదేళ్లూ ఆయన పేరు ఏ ప్యానెల్లోకీ రానివ్వదు. ఇక ఆయనకు మిగిలిన దారి ఒక్కటే, ఇంకా గట్టిగా పార్టీలో పనిచేసి ఈసారి గెలిపించుకోవడం. ఒకసారి పోస్టు చేసినవారు రాజకీయాల్లోంచి బయటికి రాలేకపోవడానికి కారణం ఈ చక్రమే.

తెలంగాణ ఉద్యమంలో లాయర్లు అంత ముందుండటానికి వెనక కూడా ఈ పోస్టుల చరిత్ర ఉంది. 2010లో హైకోర్టు ఆవరణలో తెలంగాణ న్యాయవాదులు దీక్షలకు దిగినప్పుడు వాళ్ల ప్రధాన డిమాండు లా ఆఫీసరు పోస్టుల్లో 42 శాతం వాటా, అంటే ఉమ్మడి రాష్ట్ర జనాభాలో తెలంగాణ భాగం ఎంతో అంత. దీన్ని స్వార్థం అని కొట్టిపారేయడం తప్పు. ఉద్యోగాల్లో, నీళ్లలో జరుగుతోందని ఉద్యమం చెబుతున్న అన్యాయం కోర్టు హాల్లో ఎవరు లేచి నిలబడుతున్నారో చూస్తే వాళ్లకు రోజూ కళ్లెదుట కనిపించేది. హైకోర్టు విభజన 2019 జనవరి 1న జరిగేదాకా ఆ ఆందోళన విడతలు విడతలుగా సాగింది.

వయసు సంగతి కూడా కలుపుకోవాలి. మొదటి మూడు నాలుగేళ్లు జూనియరుకు సీనియరు ఇచ్చే సొమ్ము బస్సు చార్జీలకు చాలదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో లా నేస్తం పేరుతో కొత్త లాయర్లకు మూడేళ్ల పాటు నెలకు 5,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టారంటే, ఈ వర్గం ఎంత ఇబ్బందిలో ఉందో, ఓటుగా ఎంత విలువైనదో పాలకులకు తెలుసన్నమాట. ఈ దశలో సీనియరు ఏ పార్టీ అయితే జూనియరూ అదే. ముప్పై ఐదు నుంచి నలభై ఐదు మధ్య ఉన్నవారే అందరికన్నా చురుగ్గా తిరుగుతారు, ఎందుకంటే జీపీ, పీపీ, నోటరీ అన్నీ ఆ వయసులోనే అందుతాయి. నోటరీకి జనరల్ వారికి పదేళ్ల ప్రాక్టీసు కావాలి, మహిళలకూ ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకూ ఏడేళ్లు చాలు.

సరిగ్గా ఇదే వయసులో కొందరు హఠాత్తుగా మౌనంలోకి వెళ్లిపోతారు. అప్పటిదాకా టీవీ చర్చల్లో కనిపించిన లాయరు రావడం మానేశారంటే, ఫేస్‌బుక్‌లో పాత పోస్టులు మాయమయ్యాయంటే, హైకోర్టు జడ్జి పదవి మీద ఆశ పుట్టిందని అర్థం చేసుకోవచ్చు. రాజ్యాంగం అడిగేది పదేళ్ల హైకోర్టు ప్రాక్టీసే అయినా బార్ నుంచి పేర్లు సాధారణంగా నలభై ఐదు దాటాకే వెళ్తాయి. కొలీజియం (జడ్జీల పేర్లు సూచించే సీనియర్ జడ్జీల బృందం) సిఫారసు తర్వాత ఇంటెలిజెన్స్ బ్యూరో విచారణ ఉంటుంది, అందులో పార్టీ సంబంధాలు వస్తాయి. రాజకీయ నేపథ్యం ఉన్నంత మాత్రాన అనర్హత కాదు, ఉండి కూడా జడ్జీలైనవారు ఉన్నారు. కానీ రిస్కు ఎందుకని ఎక్కువమంది ఊరుకుంటారు.

ఎన్నికల పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే లాయరుకూ పార్టీకీ నిజమైన ముడి పడేది అక్కడే. నామినేషన్ల పరిశీలన రోజు రిటర్నింగ్ అధికారి గదిలోకి అభ్యర్థి, ఎన్నికల ఏజెంటు, ఒక ప్రతిపాదకుడు, వీళ్లతో పాటు అభ్యర్థి రాతపూర్వకంగా అధికారమిచ్చిన ఇంకొక్క మనిషి మాత్రమే వెళ్లొచ్చు. ఆ 'ఇంకొక్క మనిషి' దాదాపు ఎప్పుడూ లాయరే. అసెంబ్లీ అయితే నామినేషన్ పత్రం ఫారం 2బి, గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక ప్రతిపాదకుడు, స్వతంత్రులకు పదిమంది, అందరూ ఆ నియోజకవర్గం ఓటర్లే అయి ఉండాలి. డిపాజిట్ 10,000, ఎస్సీ, ఎస్టీలకు 5,000. కేసులు, ఆస్తుల వివరాలుండే ఫారం 26 అఫిడవిట్, పార్టీ టికెట్టును ధ్రువీకరించే ఏ, బీ ఫారాలు నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు. అభ్యర్థి ఓటు వేరే నియోజకవర్గంలో ఉంటే అక్కడి ఓటరు జాబితా సర్టిఫైడ్ నకలు. ఇక రాజ్యాంగానికి విధేయతా ప్రమాణం. నామినేషన్ వేశాకే చేయాలి, పరిశీలన తేదీకి ముందే అయిపోవాలి. పరిశీలన రోజు ఉదయం చేస్తానంటే కుదరదు.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, ఎక్కువగా అఫిడవిట్‌లో. ఖాళీ గళ్లు వదిలేస్తారు. 'లేదు' అనో 'వర్తించదు' అనో రాయాలి, గీత గీయడం, ఖాళీ ఉంచడం పనికిరాదు. అధికారి గుర్తు చేశాక కూడా నింపకపోతే తిరస్కరించవచ్చని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. డమ్మీగా భార్యతోనో కొడుకుతోనో ఇంకో నామినేషన్ వేయించే అలవాటు ఇందుకే ఉంది. అవతలివారు అభ్యంతరం లేవనెత్తితే, ప్రజాప్రాతినిధ్య చట్టం 36వ సెక్షను కింద జవాబుకు మర్నాడో, ఎల్లుండికో గడువు అడగొచ్చని, అసలు లోపం గణనీయమైనది కాకపోతే తిరస్కరించకూడదని అక్కడికక్కడ చెప్పగలిగినవాడు కావాలి. ఎందుకంటే ఒకసారి తిరస్కరించాక మధ్యలో హైకోర్టుకు పోవడానికి రాజ్యాంగం 329వ అధికరణం ఒప్పుకోదు. 1952లో పొన్నుస్వామి కేసు నుంచీ ఇదే చట్టం. ఫలితాలొచ్చాక 45 రోజుల్లో ఎన్నికల పిటిషను వేసుకోవడమే మిగులుతుంది, అది తేలేసరికి పదవీకాలం సగమో మొత్తమో అయిపోతుంది. అంటే ఆ గదిలో గంటసేపు జరిగేదే ఖాయం. ఆ గంటలో అభ్యర్థిని కాపాడిన లాయరును గెలిచిన ఎమ్మెల్యే మర్చిపోడు. జీపీ పోస్టుల జాబితాలో మొదటి పేరు అక్కడే ఖరారవుతుంది. ఇంకో చిన్న సంగతి: సివిల్ కోర్టులకు మేలో వేసవి సెలవులు. 2024లో రెండు రాష్ట్రాల్లోనూ పోలింగు మే 13న జరిగింది, జిల్లా లాయర్లు అన్ని బూత్‌ల చుట్టూ తిరగగలిగారంటే అందుకూ సెలవులు కలిసొచ్చాయి.

బార్ కౌన్సిల్ ఎన్నికలు మరో మెట్టు. రాష్ట్రంలో పదివేలకు మించి అడ్వకేట్లుంటే 25 మంది సభ్యులు, ఒకే బదిలీ ఓటు పద్ధతి, ఐదేళ్ల పదవి. ప్రాధాన్య క్రమంలో అంకెలు వేయాలి కాబట్టి మొదటి ఓటు ఎవరికైనా వేసుకో, రెండోది మూడోది నాకు వేయమని జిల్లా జిల్లాకూ తిరగాలి. ఇలా తిరిగే నేర్పు వచ్చినవారికి ఎమ్మెల్సీ, ఎమ్మెల్యే టికెట్టు అడిగే ధైర్యమూ వస్తుంది. అయితే టికెట్టు దాకా వెళ్లేవారు తక్కువే. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో లోక్‌సభలో దాదాపు మూడో వంతు లాయర్లే ఉండేవారు. ఇప్పుడు అసెంబ్లీ అభ్యర్థికి అధికారిక ఖర్చు పరిమితే 40 లక్షలు. అసలు ఖర్చు సంగతి వేరే చెప్పక్కర్లేదు. ప్రాక్టీసు మీద బతికే జిల్లా లాయరు ఆ పందెంలో నిలబడలేడు, టికెట్టు తెచ్చుకున్న కాంట్రాక్టరు వెనక లీగల్ సెల్ అధ్యక్షుడుగా మిగిలిపోతాడు.

మహిళా లాయర్లు తక్కువగా కనిపించడానికి కారణం ఆసక్తి లేకపోవడం కాదు. పైన చెప్పిన పని అంతా రాత్రి స్టేషన్‌లోనూ, సాయంత్రం పార్టీ ఆఫీసులోనూ, బార్ ఎన్నికల విందుల్లోనూ జరుగుతుంది. అది జరిగే వేళ, జరిగే చోటు మారితే తప్ప ఈ లెక్క మారదు.

ఇంతవరకూ చెప్పినదానికి లొంగనివారు ఉన్నారు, వాళ్లను వదిలేస్తే జవాబు అన్యాయంగా ఉంటుంది. టంగుటూరి ప్రకాశం, అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఇద్దరూ పేదరికంలో పుట్టినవారే. ఒకరి తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపింది, ఇంకొకరి తండ్రి నెల్లూరు జిల్లా పూడూరులో గుడి పూజారి. ఇద్దరూ మద్రాసు హైకోర్టులో పేరు మోసినవారే. అల్లాడి 1929 నుంచి 1944 దాకా అడ్వకేట్ జనరల్‌గా ఉన్నారు, వీధి రాజకీయం జోలికి వెళ్లలేదు, రాజ్యాంగ ముసాయిదా కమిటీలో మాత్రం ఆయన మాటకు తిరుగులేదు. ప్రకాశం సహాయ నిరాకరణ రోజుల్లో బాగా నడుస్తున్న ప్రాక్టీసు వదిలేసి 1921లో స్వరాజ్య పత్రిక పెట్టారు, ఆస్తి మొత్తం కరిగిపోయింది. తర్వాతి వకాలత్ ఎక్కడి నుంచి వస్తుందన్న లెక్క ప్రకాశం విషయంలో పనిచేయదు. కానీ ఒక తేడా ఉంది. ప్రకాశం బారిస్టరు కాకముందే రాజమండ్రిలో ప్లీడరుగా ఉంటూ మున్సిపల్ చైర్మన్ అయ్యారు. జనంలో తిరగడం ముందు వచ్చింది, పెద్ద ప్రాక్టీసు తర్వాత. అల్లాడి విషయంలో అప్పీళ్ల పని, చట్టం చదువు ముందు. మొదటి పదేళ్లు ఎలా గడిచాయో దాన్ని బట్టే చాలామంది మిగతా జీవితమూ నడుస్తుంది. నిజాం రాజ్యంలో మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు వంటి వకీళ్లు అక్కడి తెలుగువాళ్ల భాష, హక్కుల కోసం సాగిన ఆంధ్రోద్యమంలోకి వచ్చినప్పుడూ అంతే. కోర్టు ఉర్దూలో నడిచే చోట తెలుగు కక్షిదారు పడే ఇబ్బంది వాళ్లకు రోజూ కనిపించేది. బూర్గుల దగ్గర జూనియరుగా చేరిన పి.వి. నరసింహారావు అక్కడి నుంచే రాజకీయాల్లోకి వచ్చారు.

ఈ మధ్య కాలానికి వస్తే కె.జి. కన్నబిరాన్ విప్లవ రచయితల మీద పెట్టిన సికింద్రాబాదు కుట్ర కేసు వంటివి వాదిస్తూ పౌరహక్కుల సంఘానికి 1978 నుంచి పదిహేనేళ్లకు పైగా అధ్యక్షుడుగా ఉన్నారు. కె. బాలగోపాల్ దారి తలకిందులు. లెక్కల అధ్యాపకుడిగా ఉద్యమంలోకి వచ్చి, ఎన్నో ఏళ్ల తర్వాత లా చదివి కోర్టుకొచ్చారు. ఆయనకు లాయరు వృత్తి రాజకీయంలోంచి పుట్టింది. బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా ఉండి, 1985 జూలైలో కారంచేడులో దళితుల ఊచకోత జరిగాక ఆ పోస్టు వదిలేశారు. పోస్టుకూ నమ్మకానికీ మధ్య పోటీ వస్తే ఎటు వెళ్తారన్నది అలాంటి రోజున తప్ప తేలదు, కాబట్టి దీన్ని ముందే చెప్పే సూత్రం నా దగ్గర లేదు.

మీ ఊరి బార్‌లో ఆ ఇద్దరి విషయంలో నా అంచనా అడిగితే: కండువా వేసుకున్నాయన ఇంట్లో మొదటి లాయరో, క్రిమినల్ సైడో, జీపీ ఆశావహుడో అయ్యుంటారు. మౌనంగా ఉన్నాయనది కుటుంబ ప్రాక్టీసో, బ్యాంకు ప్యానెలో, లేదా జడ్జి పదవి మీద చూపో. వీటిలో ఒక్కటీ కాకపోతే అప్పుడు సిద్ధాంతం గురించి ఆలోచించండి.

మీరు అడగలేదు గానీ, మీ కేసు చురుకైన లాయరు దగ్గర ఉంటే ఒక జాగ్రత్త. ఆయన రేపు జీపీ అయితే, ప్రభుత్వం మీద మీరు వేసిన దావాలో ఆయన ఇక మీ తరఫున హాజరు కాలేరు. మీ తరఫున దావా రాసినవారు కాబట్టి బార్ కౌన్సిల్ 33వ రూలు ప్రకారం ఆ కేసులో ప్రభుత్వం తరఫునా వాదించకూడదు, ఆ ఫైలు వేరే ఏజీపీకి వెళ్లాలి. పోస్టింగు జీవో వచ్చిన వారంలోపే ఆయన దగ్గర నుంచి నో అబ్జెక్షన్ సంతకంతో వకాలత్, మొత్తం ఫైలు, అసలు దస్తావేజులు, కట్టిన ఫీజుకు రసీదు తీసుకుని కొత్త లాయరుకు అప్పగించండి. ఆలస్యమైతే వాయిదా రోజు మీ పేరు పిలిచినప్పుడు లేచి నిలబడేవారు ఉండరు, ఎవరూ హాజరు కాలేదని దావా డీఫాల్టు కింద పోతుంది, దాన్ని పునరుద్ధరించడానికి మళ్లీ పిటిషను, 30 రోజులు దాటితే ఆలస్యం మాఫీకి ఇంకో పిటిషను.